మైమోన్ తెచ్చిన ఊరి పేరు

మైమోన్‌కి తిబెరియ పట్నంలో ఒక పెళ్లాం ఉందనీ, ఆవిడ కోసమే నలభై ఏళ్ల కిందట గోరింటాకు పెట్టుకుని కూర్చున్న పిల్లను వదిలిపెట్టి పోయాడనీ మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. ఆ మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. మసూదా కూరగాయల కొట్టు దగ్గర, టమాటాల బుట్టకీ ఉల్లిపాయల బస్తాకీ మధ్య పుట్టింది. పుట్టినప్పుడు "తిబెరియలో ఎవరో ముసలావిడ ఇంట్లో ఉన్నాడట" అని ఇంతే ఉంది. మా గుమ్మం దాకా వచ్చేసరికి ముసలావిడ పడుచుదైంది. వీధి చివరికి చేరేసరికి ఇద్దరు పిల్లల తల్లి కూడా అయింది.

నేను మూడో తరగతి దాకానే చదివాను. అయినా ఈ సంగతి రాయడానికి నాకంటే తగినవాళ్లు లేరు. కొత్తగా వచ్చి డేరాల్లో ఉన్న ఆ రోజుల్లో ఆ పిల్ల వాళ్ల డేరా తాడూ మా డేరా తాడూ ఒకే మేకుకి కట్టి ఉండేవి. వాళ్లు తుమ్మితే మేము నూరేళ్లు అనేవాళ్లం. రాస్తున్నానని మైమోన్‌తో కూడా చెప్పాను. వద్దంటాడనుకున్నాను. "రాసుకో అమ్మాయ్. ఊరి పేరు మాత్రం రెండూ రాయి" అన్నాడు, అంతే.

మైమోన్ అంటే మా వీధి చివర నల్లరాతి గోడల ఇంట్లో ఒక్కడే ఉండే మనిషి. అరవై రెండేళ్లు. ఈ పేటలో పెళ్లయిన ఆడవాళ్లందరి పెళ్లి పత్రాలూ ఆయన చేతి రాతే. నాదీ ఆయన రాసిందే, నా ముగ్గురు కూతుళ్లవీ ఆయన రాసినవే. పెళ్లి రోజు పొద్దున్నే పత్రం చుట్టి తెచ్చిస్తాడు, శుభం అంటాడు, వెళ్లిపోతాడు. విందుకి రాడు. ఇన్నేళ్లలో ఒక్క పెళ్లి విందులోనూ ఆయన్ని చూసినవాళ్లు లేరు.

ప్రతి శనివారం, పొయ్యి వెలిగించని మా సబ్బాతు రోజుకి, శనగలూ గుడ్లూ గోధుమలూ వేసి రాత్రంతా సన్నని మంట మీద ఉంచిన కూర ఒక గిన్నెడు ఆయనకి పంపిస్తాను. ఆదివారం పొద్దున గిన్నె కడిగి తెస్తాడు. ఖాళీ గిన్నె ఏనాడూ ఇవ్వలేదు. రెండు నిమ్మకాయలో, గుప్పెడు పుదీనాయో అందులో ఉంటాయి. గుమ్మం మాత్రం దాటడు.

"లోపలికి రా అన్నా, టీ పెట్టాను."

"పనుందమ్మాయ్."

"ఏం పని? పెళ్లామా, పిల్లలా, గొర్రెలా నీకు?"

"నిమ్మచెట్టుకి నీళ్లు పెట్టాలి."

"నిన్న సాయంత్రమే పెట్టావుగా, నేను చూశాను."

"నువ్వు చూడనిదేముందిలే యాకూతూ" అని వెనక్కి తిరిగిపోతాడు.

నిజమే. ఈ వీధిలో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో మూత తీయకుండా చెప్పగలను. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడడం మానేసిందో, ఎందుకు మానేసిందో కూడా చెప్పగలను. అలాంటిదాన్ని, మైమోన్‌ని అడగవలసిన ఒక్క మాట నలభై ఏళ్లు అడగలేదు.

మేము యూదులం, ఈ ఊరికి వచ్చింది సముద్రం అవతల అట్లాస్ కొండల్లోంచి. ఓడలో పది రోజులు, లారీలో ఒక రాత్రి. లారీ ఆగాక గుమాస్తా మా నాన్న చేతిలో ఒక కాగితం పెట్టాడు. అందులో బేత్‌షెయాను అని ఉందట. మర్నాడు రోడ్డు మీదికి వెళ్తే బస్సువాడు "బైసాన్! బైసాన్!" అని అరుస్తున్నాడు. యుద్ధంలో వెళ్లిపోయిన అరబ్బులు ఈ ఊరిని అలాగే పిలిచేవాళ్లు. వాళ్లు పోయారు, వాళ్ల నల్లరాతి ఇళ్లూ ఆ మాటా మిగిలాయి. మా నాన్నకి రెండు పేర్లతోనూ పేచీ లేదు. "వేడికి ఏ పేరైతే ఏం, మాడేది మనమే" అనేవాడు.

పేచీ ఉన్నది మైమోన్‌కి. మా కొండ ఊళ్లో పెళ్లి పత్రాలు రాసే ఆయన కొడుకు మైమోన్. వచ్చిన మొదటి చలికాలంలోనే తండ్రి డేరాలో దగ్గి దగ్గి పోయాడు. తల్లి అంతకుముందే లేదు. అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్లు లేరు. తండ్రి వదిలిపోయింది నాలుగు రెల్లు కలాలు, ఒక సిరాబుడ్డి, ఒక కట్టుబాటు. పెళ్లి ఏ ఊళ్లో జరిగిందో ఆ ఊరి పేరు పత్రంలో రాయాలి. జనం ఎన్ని పేర్లతో పిలిస్తే అన్నీ రాయాలి. ఏ ఏటి ఒడ్డున, ఏ ఊటల దగ్గర ఉందో అదీ రాయాలి. "మనిషి పేరు ఇంకో మనిషికి ఉంటుంది, నీళ్లు మాత్రం అబద్ధమాడవు" అనేవాడట తండ్రి. "ఊరి పేరు తెలియకుండా రాసిన పత్రం, ఎక్కడా జరగని పెళ్లికి సాక్ష్యం."

అప్పుడు మైమోన్‌కి ఇరవై రెండేళ్లు. పెళ్లి కుదిరింది ఈతోతో. ఈతో మా పక్క డేరా హమ్మో కూతురు, పంతొమ్మిదేళ్లది, పొడుగ్గా ఉండేది, నడిస్తే చెప్పులు టపటప చప్పుడు చేసేవి. హమ్మో కొండల్లో కంచరగాడిదల బేరగాడు. ఇక్కడికి వచ్చాక కంచరగాడిదలు పోయాయి గానీ వాటిని అదిలించే గొంతు పోలేదు.

ఆదివారం సాయంత్రం గోరింటాకు పెట్టారు. బుధవారం పెళ్లి. ఆడవాళ్లం ఈతో చేతుల నిండా గోరింటాకు అద్ది, గుడ్డలు చుట్టి, పాటలు పాడుతున్నాం. డేరాలో రెండోవైపు మైమోన్ పెట్టె తిరగేసి, దాని మీద కాగితం పరిచి, తన పెళ్లి పత్రం తానే రాసుకుంటున్నాడు. రాస్తూ రాస్తూ ఒకచోట కలం ఎత్తి పట్టుకుని ఉండిపోయాడు.

హమ్మో చూశాడు. "ఏంరా ఆగావు? సిరా అయిపోయిందా, దమ్ము అయిపోయిందా?"

"ఊరి పేరు రాయాలి మామా."

"రాయి మరి. ఊళ్లోనే కూర్చున్నావుగా!"

"గుమాస్తా ఒకటంటాడు, బస్సువాడు ఒకటంటాడు. ఇదివరకు మనవాళ్లు ఇక్కడ రాసుకున్న పాత పత్రం ఒక్కటైనా చూడందే ఎలా రాయను?"

"రబ్బీ గారు ఆరేళ్లుగా బేత్‌షెయాను అని రాస్తున్నాడు. ఆయన పెళ్లి చేసినవాళ్లెవరూ కాపురాలు చేయడంలేదా? కడుపులు రావడంలేదా?"

డేరా అంతా ఘొల్లుమంది. మైమోన్ చెవులు ఎర్రబడ్డాయి.

"తిబెరియలో ఒక ముసలావిడ ఉందట మామా. ఇరవై ఏళ్ల కిందట గొడవల్లో ఇక్కణ్నించి వెళ్లిన కుటుంబం. ఆవిడ పెళ్లి ఇక్కడే అయిందట. ఆ పత్రం చూసి బుధవారం పొద్దుటికల్లా వచ్చేస్తాను."

"పోయిరా నాయనా, పోయిరా" అన్నాడు హమ్మో చేతులు బార్లా చాపి. "తప్పిపోకు సుమా! నువ్వు తప్పిపోతే వెతకడానికి మీవాళ్లంటూ ఎవరున్నారు? నీ వంశమంతా ఆ సిరాబుడ్డిలో పట్టేస్తుంది!"

మళ్లీ నవ్వులు. మా అమ్మ నవ్వింది, పన్నెండేళ్ల నేనూ నవ్వాను. ఈతో కూడా నవ్వింది, గుడ్డలు చుట్టిన చేతులు నోటికి అడ్డం పెట్టుకుని. హమ్మో చెడ్డవాడు కాడు, ఆ మాటలో విషమేమీ లేదు. పెళ్లిలో అల్లుణ్ని ఆటపట్టించడం మామూలే. మైమోన్ కూడా నవ్వాడు. కలం తుడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. సోమవారం పొద్దున్నే బస్సెక్కాడు.

బుధవారం వచ్చింది, మైమోన్ రాలేదు. వండిన కూర చెడిపోతుందని పంచిపెట్టారు. మర్నాడు రాలేదు. సబ్బాతు గడిచింది, రాలేదు.

ఈతో గిన్నెలు తోమడం మానేసింది, గోరింటాకు పోతుందని. వాళ్ల గిన్నెలు నేను తోమేదాన్ని. రోజూ పొద్దున్నే డేరా బయటికి వచ్చి చేతులు ఎండలో పెట్టి చూసుకునేది. "చూడవే యాకూతూ, ఇంకా ఎర్రగానే ఉన్నాయి కదూ?" అనేది. ఎర్రగా ఉన్నవి నారింజ రంగుకి వచ్చాయి, అరచేతులు తెల్లబడ్డాయి. చివరికి గోళ్ల మీద మిగిలింది.

"ఎవరైనా తిబెరియ వెళ్లి చూసిరాకూడదా?" అని మా అమ్మనడిగాను.

"ఎవరి తరఫున వెళ్తారే?" అంది అమ్మ. "పెళ్లికొడుకుని వెతుక్కుంటూ పెళ్లికూతురి వాళ్లు పోతే పరువుంటుందా? వెళ్తే పెళ్లికొడుకు వాళ్లే వెళ్లాలి."

"ఆయన వాళ్లెవరు?"

అమ్మ ఉల్లిపాయ తరుగుతూ ఉండిపోయింది.

ఇరవై నాలుగో రోజున హమ్మో వాళ్లకి దక్షిణాన ఒక కొత్త పల్లెలో ఇల్లూ పొలమూ ఇస్తామని కబురొచ్చింది. ఆ రోజు లారీ ఎక్కితే ఉన్నట్టు, లేకపోతే ఇల్లు ఇంకొకరికి పోతుంది. హమ్మో డేరా విప్పాడు. ఈతో లారీ మీద మూటల మధ్య కూర్చుని రోడ్డు వైపే చూసింది, బస్సు వచ్చే వైపు. ఆ చూపు నేను చూశాను కాబట్టే రాస్తున్నాను.

ఇరవై ఆరో రోజున మైమోన్ బస్సు దిగాడు. గడ్డం పెరిగింది. చేతిలో చుట్టిన కాగితం. హమ్మో డేరా ఉన్నచోట నాలుగు మేకుల గుంటలూ, ఎండ తగలక పాలిపోయిన గడ్డీ ఉన్నాయి. ఆ గడ్డి పక్కన నిలబడి, "ఎక్కడికి?" అని నన్నడిగాడు.

"దక్షిణానికి."

"ఏ ఊరు?"

నాకు తెలియదు. గుమాస్తా దగ్గరికి వెళ్లాడు, వెనకాలే నేనూ వెళ్లాను. గుమాస్తా కాగితాలు తిరగేసి, "ఆ పల్లెకి ఇంకా పేరు పెట్టలేదయ్యా. నంబరే ఉంది" అన్నాడు. మైమోన్ ఆ నంబరు కూడా అడగకుండా బయటికి వచ్చేశాడు. ఆ పల్లెకి పేరు పెట్టి, ఆ పేరు మా దాకా వచ్చేసరికి ఎండాకాలం అయింది. ఈతోని అక్కడే ఇంకొకరికి ఇచ్చేశారని కూడా అప్పుడే తెలిసింది.

తిబెరియ నుంచి రాసుకొచ్చిన ఊరి పేరు వరుస మాత్రం వృథా పోలేదు. మా అక్క పెళ్లికి మొదటిసారి రాశాడు. "బైసాన్ అని కూడా పిలిచే బేత్‌షెయాను ఊళ్లో, వాగు ఒడ్డున, ఊట నీళ్ల దగ్గర." ఆ తర్వాత ఈ పేటలో ప్రతి పెళ్లికీ అదే రాశాడు. ఎన్ని రాశాడో ఆయనకే తెలియదు. ఏ పత్రం రాసినా ఆ వరుస దగ్గరికి వచ్చేసరికి కలం ఎత్తి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు రాస్తాడు. నా కళ్లారా చూశాను.

అప్పట్నించీ ఊళ్లో ఆయనకి "పేరు కోసం పెళ్లాన్ని వదులుకున్నవాడు" అనే బిరుదు స్థిరపడింది. ఆయన కాదనలేదు. చేపల చెరువుల్లో పనిచేశాడు. గుట్ట కింద పాత పట్నం తవ్వకాలు మొదలయ్యాక అక్కడ మట్టిబుట్టలు మోశాడు. నిమ్మచెట్టు పెంచాడు. పెళ్లి సంబంధాలు వస్తే, నేనే నాలుగు తెచ్చాను, "వద్దమ్మాయ్" అన్నాడు. ఎండాకాలం సాయంత్రాలు మేమంతా కుర్చీలు వీధిలో వేసుకుని గింజలు కొరుకుతూ కూర్చుంటే, ఆయన తన గుమ్మంలో కూర్చుంటాడు. మా మాటలు వినపడేంత దగ్గర, కలవలేనంత దూరం.

తవ్వకాల్లో చదువుకున్నవాళ్లు ఎవరొచ్చినా ఒకటే అడిగేవాడు, ఈ ఊరి పేరుకి అర్థం ఏమిటని. ఆ జవాబులు ఆదివారం గిన్నెతో పాటు నాకు తెచ్చి ఇచ్చేవాడు.

"గడ్డం ఆయన ఏమన్నాడంటే, బేత్ అంటే ఇల్లు, అది మనకి తెలిసిందే. రెండో ముక్కకి నెమ్మది అని అర్థమట. నెమ్మదిగా ఉండే ఇల్లు."

"ఈ వీధిలోనా? ఆయన్ని ఒక్క శుక్రవారం ఇక్కడ ఉండమను."

"అద్దాలావిడ కాదంది. షెయాను అనే దేవుడు ఎవరో ఉండేవాడట, ఆ దేవుడి గుడి అంది. ఇంకో కుర్రాడు పాము దేవత అన్నాడు. పెద్దాయన్ని అడిగితే, నిజం చెప్పాలంటే ఎవరికీ తెలియదు అన్నాడు."

"తెలియనప్పుడు అంత చదువు ఎందుకట?"

"అలా అనకమ్మాయ్. మూడున్నర వేల ఏళ్ల కిందట ఐగుప్తు రాజు రాళ్ల మీద చెక్కించాడట ఈ పేరు. తర్వాత గ్రీకులొచ్చారు, నోరు తిరగని పేరు ఇంకోటి పెట్టారు. పాలరాతి వీధులు, స్తంభాలు, పెద్ద ఆటశాల, అన్నిటి మీదా వాళ్ల పేరే. తొమ్మిది వందల ఏళ్లు అలాగే నడిచింది. వాళ్లు పోయారు, భూమి కంపించింది, స్తంభాలన్నీ ఒకవైపుకి పడ్డాయి. చూస్తే పాత పేరు అలాగే ఉంది! అరబ్బులు బైసాన్ అన్నారు, అది ఈ బేత్‌షెయానే కదా. ఆ తొమ్మిది వందల ఏళ్లూ రాళ్ల మీద లేదు, కాగితం మీద లేదు. ఎవరో పల్లెటూరివాళ్లు ఇంట్లో అనుకుంటూ ఉంటే మిగిలింది. పిలిచేవాళ్లు ఉంటే చాలు, పేరు చావదు."

ఆయన అంత పొడుగ్గా మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. ఇంకోసారి మాత్రం మా యూదుల మొదటి రాజు సౌలు సంగతి చెప్పాడు. శత్రువులు ఫిలిష్తీయులు యుద్ధంలో పడిపోయిన ఆ రాజు తల నరికి, మొండేన్ని మా ఊరి గోడకే కదా వేలాడదీశారు. అది ఇక్కడ చంటిపిల్లలకి కూడా తెలుసు. గుట్ట మీద బుట్ట దించి, మైమోన్ ఆ గోడ ఉండే చోటు వెతికేవాడట.

"అందరూ రాజు గురించే చెప్పుకుంటారు యాకూతూ. నేను ఆ యాబేషు ఊరివాళ్ల గురించి ఆలోచిస్తాను. యొర్దాను నది అవతలి నుంచి రాత్రంతా నడిచి వచ్చారు. గోడ మీంచి దించి, తీసుకుపోయి, పూడ్చి, ఏడు రోజులు తిండి మానేశారు. రాజుకి కొడుకులూ లేరు, సైన్యమూ లేదు అప్పటికి. ఎవరో ఒక ఊరివాళ్లు వచ్చారు చూడు."

"ఎప్పుడో వాళ్లకి మేలు చేశాడు కాబట్టి వచ్చారు" అన్నాను.

"అవును" అన్నాడు. "ఏదో ఒకటి చేసి ఉండాలి." అని గిన్నె నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. అప్పుడు నా బుర్రకి ఏమీ తట్టలేదు. పొయ్యి మీద చేపలున్నాయి.

పోయిన ఏడు ఆకురాలు కాలంలో ఈతో తిరిగి వచ్చింది. హమ్మో పోయాడు, ఈతో మొగుడూ పోయాడు. చిన్నకూతుర్ని మా ఊరివాడికే ఇచ్చారు, మూడు వీధుల అవతల. కూతురి దగ్గర కొన్నాళ్లుందామని వచ్చింది. ఒక పన్ను బంగారంది. చెప్పులు ఇప్పటికీ టపటపే. చూడకుండానే గుర్తుపట్టాను. మసూదా కొట్టు దగ్గర ఇద్దరం పట్టుకుని ఏడ్చాం, టమాటాలు దొర్లిపోయాయి. ఆ ఏడుపు చూసినవాళ్లే తిబెరియ పెళ్లాన్ని పుట్టించారు.

ఇంక నేను ఊరుకుంటానా? ఆయన ఒక్కడు, ఈవిడ ఒక్కతె. ఇద్దరింటికీ మధ్య మూడు వీధులు. "ఒక్కసారి వచ్చి టీ తాగవే అక్కా, ఆయన గుమ్మంలో నేనూ ఉంటాను" అన్నాను.

ఈతో చేతులు నా ముందు పెట్టింది. ముడతలు పడ్డాయి, గోళ్లు పగిలాయి. "ఈ చేతుల్ని తక్కెట్లో ఒక పక్క పెట్టి, ఊరి పేరుని ఇంకో పక్క పెట్టి తూచాడే ఆయన. నేనే తేలిపోయాను. ఆ ఇంట్లో టీ నాకెలా దిగుతుంది?"

"కుర్రతనం అక్కా."

"మూడు రోజులంటే కుర్రతనం. ఇరవై ఆరు రోజులు ఏం చేశాడే? ఒక పేరు చూసి రావడానికి ఇరవై ఆరు రోజులా? నువ్వు అందరినీ అన్నీ అడుగుతావుగా, అది అడుగు. వారాల పండుగ కాగానే నా కొడుకు వచ్చి తీసుకుపోతాడు, ఈసారి పోతే నేనింక రాను. జవాబు బాగుంటే వెళ్లి టీ తాగుతాను. బాగోకపోతే నలభై ఏళ్లు మోసినదాన్ని ఇంకో పదేళ్లు మోస్తాను."

అడుగుతానన్నాను. అడగలేకపోయాను. ఎవరిని ఏం అడగాలన్నా నాలుక దురదపెట్టే నాకు, ఆ గుమ్మం ముందుకి వెళ్తే నాలుక రాయి అయ్యేది. ఆయన ఆ పేరునే నమ్ముకుని బతికాడు. అది కూడా తీసేస్తే ఇంకేం మిగులుతుందో అని భయం.

పస్కా పండుగ ముగిసిన సాయంత్రం మా పేటలో తలుపులన్నీ తెరిచి పెడతాం. పిండీ తేనే పాలూ బల్లల మీద పెట్టి, ఎవరైనా ఎవరింట్లోకైనా వెళ్లి తినొచ్చు. మైమోన్ కూడా తలుపు తీసి బల్ల వేస్తాడు. పిల్లలు పరుగున వెళ్లి తీపి రొట్టెలు లాక్కుని పరుగున వచ్చేస్తారు. కూర్చునేవాళ్లు ఉండరు. ఈసారి నేను నా గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. ఈతో కూతురితో కలిసి వీధిలో వచ్చింది. చెప్పుల చప్పుడికి మైమోన్ లేచి నిలబడ్డాడు. ఆమె తెరిచిన తలుపు ముందు ఆగింది. లోపల బల్ల మీద రెండు గ్లాసులున్నాయి. ఎప్పుడూ ఒకటే పెట్టేవాడు. ఆమె చూసింది. ఏదో అంటాడని ఆగిందని నాకు తెలుసు. ఏదో అంటుందని ఆయన ఆగాడనీ తెలుసు. కూతురు చెయ్యి పట్టుకుని లాగింది. వెళ్లిపోయారు. మైమోన్ ఇంకా కాసేపు నిలబడి, కూర్చుని, రెండో గ్లాసు బోర్లించాడు.

ఆ గ్లాసు నాకు నిద్ర పట్టనివ్వలేదు. వారాల పండుగ ఇంకా వారం ఉందనగా ఒక ఆదివారం ఆయన గిన్నె తెచ్చాడు. అందులో నాలుగు ఆప్రికాట్ పళ్లు. గిన్నె అందుకోలేదు నేను. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"అన్నా, ఒకటి అడుగుతాను. కోప్పడకు."

"నువ్వు అడగకపోతేనే కదా విడ్డూరం."

"ఇది వేరు. ఆ ఇరవై ఆరు రోజులు తిబెరియలో ఏం చేశావు?"

ఆయన గిన్నెలో పళ్ల వైపు చూశాడు. వీధిలో ఎవరో రేడియో పెట్టారు, ఎవరో కట్టేశారు. పనుందని వెళ్లిపోతాడనుకున్నాను. నేను పక్కకి తప్పుకున్నాను, ఎందుకు తప్పుకున్నానో నాకే తెలియదు. ఆయన గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. నలభై ఏళ్లలో మొదటిసారి నా వంటింటి కుర్చీలో కూర్చున్నాడు. గిన్నె ఒళ్లోనే ఉంది.

"నన్ను ఈ మాట ఎవరూ అడగలేదు యాకూతూ" అన్నాడు. "పేరు రెండో రోజే దొరికింది. ముసలావిడ రేకు గొట్టంలోంచి పత్రం తీసి చూపించింది, ఒక్క గంటలో రాసుకున్నాను. సాయంత్రం బస్సుకే వద్దామని వెళ్లాను. ఎక్కబోతుంటే హమ్మో మామ మాటా, మీ నవ్వులూ గుర్తొచ్చాయి. ఒక్కరోజు ఆగి చూద్దామనుకున్నాను. ఒక్కరోజు అనుకుంటూనే ఇరవై నాలుగు రోజులు ఆ బస్సుల దగ్గర కూర్చున్నాను అమ్మాయ్. బైసాన్ బస్సు రోజుకి రెండుసార్లు వచ్చేది. దిగిన ప్రతి మొహం చూశాను. ఎవరో ఒకరు దిగి, 'మా మైమోన్‌ని చూశారా' అని అడుగుతారని."